చిటికెడు మందు

ల్యాబ్ నుంచి వచ్చిన కాగితాన్ని దేవరకొండ పశువుల దవాఖానలో కూర్చుని రెండుసార్లు చదివాను. పందులు సాకే అండాలు అనే ఆమె దొడ్డిలో చచ్చిన మూడు పందుల్లోనూ ఒకే జాతి క్రిమి ఉంది, కానీ మూడింట్లో మూడు రకాలు. నా దగ్గరున్న మందుల్లో ఒక్కటీ వాటి మీద పనిచేయదట. పశువుల డాక్టర్‌నై ఉండి నాకే బుర్ర తిరిగింది. ఎదురుగా నిలబడ్డ అండాలుకు అదే చెప్పాను.

“మూడూ ఒక్క ఈత పిల్లలే సారూ. ఒక్క తొట్లనే తిన్నయి. మరి పురుగులు మూడు తీర్లెట్లయితయి?”

“అది నాకూ సమజ్ కాలేదు. ఇంతకుముందు మందులేమన్న పెట్టినవా?”

“రోగం రాకముందు నుంచే పెడుతున్న. మూడేండ్ల సంది ఒక్కరోజు తప్పలే. కుడితి కలిపేటప్పుడు దినాం చిటికెడు, కూరల పసుపేసినట్టు.”

నాకు ఒళ్లు మండింది.

“చిటికెడు మందుకు నాజూకు పురుగులే చస్తయమ్మా. మొండివి మిగిలి, ఒక్కోటి ఒక్కో తీరుగ మారి, పిల్లల్ని పెడతయి. ఇప్పుడు నీ దొడ్డి నిండా ఆ మొండివే.”

అండాలు తన వేళ్ల కొసల వైపు చూసుకుంది.

“అయితే సారూ, గీ మూడేండ్లు నేను సాకింది పందులనా, పురుగులనా?”