మరిచినవి పైకి పోయే ఇల్లు

కన్నమ్మాళ్ పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకొని, ఆ తర్వాత తలెత్తి ఇంటి కప్పు చూసేది. రాత్రి ఏం మరిచిపోయిందో అక్కడ తెలిసేది. ఒకనాడు కళ్ళద్దాలు, ఒకనాడు బీరువా తాళంచెవి, ఒకనాడు ఎడమకాలి చెప్పు. ఆమె మరిచిన వస్తువు బరువు పోగొట్టుకొని పైకి తేలేది. అదేమిటో జ్ఞాపకం వస్తే తిన్నగా దిగి చేతిలో వాలేది. పాలు పోసే మనిషి కూడా వాకిట్లో నిలబడి, "పాల గిన్నె పైన ఉండాది చూడమ్మా" అని చెప్పి పోయేవాడు.

తుడియలూరులో ఒక పంపుసెట్ల కంపెనీలో ఆమె మోటార్లకు తీగ చుట్టే పని చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఆ పనితోనే రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె మాటకు బదులు చెప్పేది రేడియో ఒక్కటే. మరుపు ఇంకా ఎక్కువవుతుందని డాక్టరు చెప్పినప్పుడు ఆ మాట విన్నదీ ఆమె ఒక్కతే.

అన్న కొడుకు ఆనంద్‌కుమార్ మేట్టుపాళయంలో వక్కల వ్యాపారం చేస్తాడు. సంగతి తెలిసి వచ్చాడు. "అత్తా, నా పేరుకు పవర్ పత్రం రాసిచ్చేయి. బ్యాంకు, ఇల్లు, అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. ఇద్దరూ పత్రాలు రాసే దినకరన్ దగ్గరికి పోయినారు.

"పవర్ ఎందుకమ్మా?" అని దినకరన్ అడిగాడు.

"రేపు నా బుద్ధి నిలవకపోతే, వీడు చూసుకోవాలని."

దినకరన్ తల అడ్డంగా ఊపాడు. "నీకు తెలివుండే దాకానే పవర్ చెల్లేది. తెలివి పోతే అదీ పోతుంది. ఆ తర్వాత కూడా నిలవాలంటే ఇప్పుడే ట్రస్టు రాయాల. ఇల్లు, బ్యాంకులో ఉండేది అందులో పెట్టాల. నువ్వు నమ్మినోళ్ళు దాన్ని నీకోసమే వాడాల. నువ్వు బతికుండే దాకా ఇల్లు అమ్మకూడదని కూడా రాసుకోవచ్చు."

"అదంతా ఎందుకు? పవరే చాలు. ఇప్పుడే రాసేద్దాం" అన్నాడు ఆనంద్‌కుమార్ తొందరగా.

కన్నమ్మాళ్ అతని మొహం చూసింది. "ఈరోజు వొద్దు తంబీ" అని లేచింది. బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. తన వీధి రాగానే ఆమె దిగింది. అతను దిగలేదు.

ఆ ఆదివారం అంజలమ్మ వచ్చింది. కంపెనీలో పక్క బల్ల మీద తీగ చుట్టిన మనిషి. భర్త పోయినాక ఆమెకూ ఒంటి బతుకే. చర్చిలో ప్రార్థన ముగియగానే వచ్చి ఒక గంట కూర్చొని పోతుంది. కన్నమ్మాళ్ విషయం చెప్పి, "నువ్వే ఉండాల ఆ ట్రస్టు పత్రంలో" అంది.

అంజలమ్మ బెదిరిపోయింది. "నాకొద్దక్కా. ఇంటి మీద ఆశతో చేరిందంటారు."

"అననీ."

అంజలమ్మ కప్పుకేసి చూసింది. అక్కడ ఒక గరిటె, ఒక దువ్వెన ఆనుకొని ఉన్నాయి. "ఒకనాడు నన్నే మరిచిపోతే?"

"అప్పుడే కదా అంజలా, నువ్వు కావాల్సింది."

"సరిక్కా" అంది అంజలమ్మ.

పత్రం రిజిస్టరైంది. పేరు, ఊరు, ఏం పత్రం రాస్తోందో ఆఫీసరు అడిగితే కన్నమ్మాళ్ తడుముకోకుండా చెప్పింది. ఆ తర్వాత కరెంటు బిల్లు, మందులు, పగలు తోడుండే మనిషి జీతం, అన్నీ అంజలమ్మ చూసుకొనేది. కప్పు కింద రోజురోజుకూ సామాను పెరిగింది. రేడియో కూడా పైకి పోయి అక్కడే పాడుతూ ఉండేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున అంజలమ్మ ఇడ్లీలు తెచ్చింది. కన్నమ్మాళ్ మంచం మీద నుంచి మర్యాదగా నవ్వింది.

"ఎవురమ్మా నువ్వు?"

అంజలమ్మ పాదాలు నేల విడిచాయి. గిన్నె జాగ్రత్తగా బల్ల మీద పెట్టేలోపే నడుమెత్తు లేచిపోయింది. కప్పుకు వీపు తగిలాక కదలకుండా ఉండిపోయింది. కన్నమ్మాళ్‌కు జ్ఞాపకం వస్తుందేమోనని చూసింది. రాలేదు. కళ్ళనీళ్ళు మాత్రం కిందికే రాలాయి.

కన్నమ్మాళ్ తన చెంప మీద పడిన చుక్క తుడుచుకొని తలెత్తింది. "పైన ఒక్కదానివే ఉండావా?"

"ఆమాక్కా."

"నేనూ ఒక్కదాన్నే." ఆమె మెల్లగా స్టూలెక్కి చెయ్యి చాచింది. అంజలమ్మ ఆ చెయ్యి అందుకొని, ఆమె భుజం ఎత్తుకు దిగింది. ఆపైన దిగలేకపోయింది.

అంజలమ్మ తన అద్దె ఇల్లు ఖాళీ చేసి వచ్చేసింది. తన పేరు రోజూ చెప్పేది, కన్నమ్మాళ్ రోజూ మరిచేది. ఇద్దరూ చెయ్యి పట్టుకొనే వండుకున్నారు, తిన్నారు. సంత వీధిలో జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు.

ఒకనాడు బ్యాంకులో కొత్తగా వచ్చిన ఆఫీసరు, నేలకు కాలు ఆనకుండా తేలుతూ సంతకం పెడుతున్న అంజలమ్మను చూపి, "ఈమె మీకు ఏమవుతుందమ్మా?" అని కన్నమ్మాళ్‌ను అడిగాడు.

కన్నమ్మాళ్ ఆలోచించింది.

"తెలవదు సామీ," అంది. "కానీ వొదిలితే పోతుంది. అందుకే పట్టుకోనుండాను."