వాగు దాటే టైర్లు

మా బావ ఐలయ్యను మించిన మొండిఘటం గూడూరు మండలంలో ఇంకొకడుంటే చూపించండి, వాడికి దండం పెడతాను. ఎవరేం చెప్పినా మంచిగానే వింటాడు, తల కూడా ఊపుతాడు. ఆ తర్వాత తను అనుకున్నదే చేస్తాడు. మా అక్క పద్మలత ఇరవై ఏళ్లు ఈ మనిషితో ఎట్లా కాపురం చేసిందో ఆ దేవుడికే తెలియాలి.

పోయిన చలికాలంలో అక్కకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు మానుకోట దవాఖానలో మిషన్ మీద పడుకోబెట్టి నెత్తురు శుభ్రం చేయించాలి. సోమవారం, బుధవారం, శుక్రవారం. ఒక్కటి తప్పినా ఒళ్లు ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు. తాగే నీళ్లు కూడా లెక్కే. బావ టీ గ్లాసుతో కొలిచి పోసేవాడు, ఆమె గుటక గుటకగా పొద్దంతా తాగేది.

మా ఊరేమో అడవి అంచున, వాగుకు అవతల. ఎండాకాలం వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. బావ తన పికప్ బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. ఆ బండే వాళ్ల బతుకుదెరువు. ఆమె మిషన్ మీద ఉన్నంతసేపు సిమెంటో, మిర్చి బస్తాలో కిరాయికి తోలి, మళ్లీ ఆమెను ఎక్కించుకుని వచ్చేవాడు. వానాకాలం మానుకోటలో గది తీసుకుందామని నేను అంటే అక్క వినలేదు. “గా గదిల నేనెవల మొఖం జూస్కుంట పండాలెరా? నా ఇంట్లనే ఉంట” అంది. మొండితనంలో మొగుడికేం తీసిపోదు.

మృగశిర వచ్చింది, వాగూ వచ్చింది. బ్రిడ్జి సంగతి అడగకండి, నా నోట బూతులు వస్తాయి. మొదటిసారి అక్కను ట్రాక్టర్ ట్రాలీలో దాటించాం. తిరిగి వచ్చేటప్పుడు ఆ కుదుపులకు, చేతికి సూదులు గుచ్చిన చోట కట్టు ఊడి చీరంతా నెత్తురైంది. “ఏం గాదు తమ్మీ, ఇప్పుడే మిషన్ల కడిగిన నెత్తురు, మంచిగనే ఉంటది” అని ఆమె నవ్వింది. బావ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడే పోయి బండికి రెండు సైజులు పెద్ద టైర్లు వేయించుకొచ్చాడు. పాతవి అక్కడే ఇచ్చేశాడు. బండి బెత్తెడు ఎత్తు లేచింది. నేను ఊరుకుంటానా? “ఏం బావా, హీరో లెక్క బండి మీద నిలబడి ఫొటో దిగుతవా ఏంది?” అన్నాను. కానీ నిజం చెప్పాలి కదా, నీళ్లు మోకాలు దాటిన రోజున కూడా బండి వాగు దాటింది, అక్క పాదం తడవలేదు.

తంటా అంతా వాగు దాటాక వచ్చే గడ్డ దగ్గరే. నిలువెత్తు ఎర్రమట్టి దారి. ఇంతకుముందు రెండో గేరులో ఎక్కే బండి ఇప్పుడు మొదటి గేరులోనూ మూలిగేది. బావ క్లచ్ సగం తొక్కిపట్టి, ఇంజన్‌ను అరిపించి ఎట్లాగో పైకి చేర్చేవాడు. కాలిన వాసన వచ్చేది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

మానుకోటలో మెకానిక్ ఎల్లస్వామి షెడ్డుకు ఆయనను నేనే గుంజుకుపోయాను. ఎల్లస్వామి టైర్లను చూసి నాలుక కరుచుకున్నాడు.

“జర్రంత పెద్దయైతే ఏం గాకపోవు. గింత పెద్దయి ఏసుకొని, లోడు కొట్టి, గడ్డలెక్కుతనంటే ఎట్లనే ఐలన్నా? చక్రం ఒక్క సుట్టు తిరిగితే మునుపటి కంటె దూరం పోవాలె. గా బరువంత ఇంజన్ మీద పడ్తది. ఎనుక హౌసింగ్ ఇప్పి లోపటి గేర్లు, గదే క్రౌన్ పినియన్, మార్చాలె. లేకుంటే క్లచ్ ప్లేటు ఖతమైతది.”

“ఎన్ని దినాలు పడ్తది?” అని బావ ఒక్కటే మాట అడిగాడు.

“సామాను హైదరాబాద్ కెళ్లి రావాలె. వారం అనుకో.”

బావ తల ఊపాడు, బండెక్కాడు, అంతే. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు ఎత్తినా “దసరా పోనీ, వాగు ఇంకినంక జూద్దాం” అనేవాడు. చేతినుంచి పైసా రాలని మనిషి అనుకున్నాను. అనుకోవడమేంటి, ఊళ్లో నలుగురి ముందు అనేశాను కూడా. అప్పుడూ ఆయన తలే ఊపాడు.

వినాయక చవితి వెళ్లగానే ముసురు పట్టుకుంది. సోమవారం వాగు చెట్లను దొర్లించుకుంటూ పోతోంది. ఏ టైర్లయినా ఏం చేస్తాయి? మంగళవారమూ అంతే. అక్క ముఖం ఉబ్బి కళ్లు చిన్నగైపోయాయి. పడుకుంటే ఊపిరాడక మంచం మీద కూర్చునే ఉంది. బుధవారం పొద్దెక్కాక నీళ్లు కాస్త తీశాయి. ముందు సీట్లో అక్కను నడుమ కూర్చోబెట్టుకుని ఇద్దరం బయల్దేరాం. వాగు దాటేశాం. నేను గట్టిగా ఊపిరి వదిలాను.

గడ్డ సగం ఎక్కేసరికి, వాన నీళ్లు దారిని అడ్డంగా కోసేసి ఉన్నాయి. ముందు చక్రం ఆ గండిలో దిగి బండి ఆగిపోయింది. బావ ఇంజన్‌ను అరిపించాడు. బండి కదల్లేదు. మళ్లీ అరిపించాడు. కాళ్ల కింది నుంచి పొగ లేచింది. ఆ తర్వాత ఇంజన్ ఎంత మొత్తుకున్నా చక్రానికి దాని ఊసే లేదు. నేను దూకి వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాను.

నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే గడ్డ పైదాకా వస్తామన్నారు. అక్కను వీపు మీద ఎక్కించుకుని నాలుగడుగులు వేశానో లేదో, “దించురా, దించు, పానం పోతాంది” అంది. బండి నీడన రాయి మీద కూర్చోబెట్టాం. ఆమె రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరిపడుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క వింటోందన్న సోయి కూడా లేకుండా బావ మీద విరుచుకుపడ్డాను. “గా గేర్లేందో మార్చి సావుమని ఎన్నిసార్లు జెప్పిన నీకు! పైసలేమన్న కట్టుకొని పోతవా? మా అక్కను సంపుతున్నవ్ గదనే!”

బావ కోప్పడలేదు. అప్పుడు అన్న మాట ఆయన ఎన్నాళ్లుగానో లోపల పెట్టుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

“వారం దినాలు బండి షెడ్డుల వెడితే సోమారం ఎట్ల తోల్కపోవాలెరా? బుధారం ఎట్ల? మల్ల గదే ట్రాక్టర్ల ఎక్కియ్యాల్నా? నెత్తురు కారంగ సూడలేదా నువ్వు? వారంల నాకు రెండు దినాల సందు కంటె ఎక్కువ దొరికిందారా ఎన్నడన్న?”

గేర్లు మార్చాలని నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. గడ్డ ఎక్కిన ప్రతిసారీ ఆ క్లచ్ వాసన ఆయన గుండెలోకే పోయి ఉంటుంది.

“ఐలయ్యా, దూపైతాంది” అంది అక్క.

బావ ఆమె కళ్లలోకి చూశాడు. లేచి బండిలో నుంచి నీళ్ల సీసా తెచ్చాడు. టీ గ్లాసు కాదు, నిండు సీసా.

“వద్దు బావా! డాక్టర్ వద్దన్నడు! ఇంకా మిషన్ మీదికి పోవాలె గదా!” అని నేను అడ్డం పోయాను. ఆయన ఒక చేత్తో నన్ను పక్కకు జరిపాడు. రెండో చేత్తో ఆమె తల పట్టుకుని సీసా నోటికి అందించాడు. అక్క ఆగి ఆగి, గడ్డం మీదుగా కార్చుకుంటూ తాగింది. “సల్లగున్నయ్” అంది. అంబులెన్స్ వాళ్లు స్ట్రెచర్‌తో దిగి వచ్చేసరికి ఆమె తల బావ భుజం మీద వాలిపోయి ఉంది.

దినాలైపోయాక బండిని ట్రాక్టర్‌కు కట్టి మానుకోట లాక్కొచ్చాం. ఎల్లస్వామికి సంగతి తెలుసు, అందుకే మా ముఖాల వైపు చూడకుండా బండి కిందికే చూస్తూ మాట్లాడాడు.

“క్లచ్ ప్లేటు ఏసి ఇయ్యాల్నా అన్నా, లేకుంటే గేర్లు గూడ మార్చుడేనా? గేర్లంటే మాత్రం వారం పైననే పడ్తది.”

“అన్ని మార్చు” అన్నాడు బావ. తాళంచెవి ఎల్లస్వామి చేతిలో పెట్టాడు. “తొందరేం లేదు. ఎన్ని దినాలన్న ఉంచుకో.”

ఆ రోజు బుధవారం. అక్కను కట్టెల మీద పెట్టినప్పుడు కూడా కళ్లు తడవనివాణ్ని, ఎల్లస్వామి షెడ్డులో టైర్ల కుప్ప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.