చెట్టు నాటని మనిషి

ప్లమ్ పళ్ళు ఉడుకుతున్న వాసన.

పక్కింటి పెరట్లోంచి. ప్రతి శరత్తులోనూ పక్కింటి పెరట్లోంచే!

యెవ్‌లాంపియాకు ఒళ్ళు మండింది. తన పెరట్లో ఏముంది? క్యాబేజీ. చిక్కుడు. దుంపలు. ఈ ఏడు వేస్తే ఈ ఏడే చేతికొచ్చేవి... అవే.

మొగుడు పోర్ఫిరీ చెట్టు నాటడు.

వసంతానికల్లా రష్యా వెళ్ళిపోతాం కదా, చెట్టు ఎవరికోసం అంటాడు. సెర్బియాకు పారిపోయి వచ్చి పుష్కరం దాటింది. వసంతాలు వస్తూనే ఉన్నాయి. రష్యా మాత్రం రమ్మనలేదు.

అక్కడ విప్లవకారులతో యుద్ధం చేసి ఓడిపోయాడు. ఇక్కడి రాజుకు సరిహద్దు కాపలా కాశాడు. తుపాకి దించి నాగలి పట్టాడు. ఇప్పుడు నాగలి కూడా దించి — కలం.

ఏం రాస్తున్నాడట? తాతగారి ఆపిల్ తోట! పుటపుటకీ పూత. పుటపుటకీ కొమ్మలు విరిగేంత కాపు.

కాగితం మీద తోటమాలి. పెరట్లో ఒక్క పుల్ల గుచ్చడు.

ఇవాళ పక్కింటి దెసాంకా కంచె మీదుగా ప్లమ్ మొక్క అందించింది, వేళ్ళకు తడి గోనె చుట్టి.

"ఏటా నా పళ్ళే ఒడిలో పోయించుకుంటావు. మీ రష్యావాళ్ళకి చెట్లు గిట్టవా యేం?"

నవ్వుతూనే అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మంచు పడితే వేళ్ళు చచ్చిపోతాయి. రేపో... ఎల్లుండో.

"లే! గొయ్యి తవ్వు," అంది లోపలికొచ్చి, రాసుకుంటున్న మొగుడితో.

"ఉండవే, తోటలో కోతల దగ్గరున్నాను."

"కోసింది చాల్లే! నీ పుస్తకంలో పళ్ళు ఏ మూకుట్లో ఉడకేసుకోను?"

"కాపుకి నాలుగేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఇక్కడుంటామా?"

"వచ్చిన ఏడే నాటుంటే?"

అతని కలం ఆగింది.

ఆమె పార తీసుకుని పెరట్లోకి నడిచింది. తవ్వింది. తవ్వుతూ తిట్టింది — రాజుల్ని, యుద్ధాల్ని, సిరాని. ముఖ్యంగా సిరాని. తవ్వుతూ ఏడ్చింది కూడా. చెట్టు నాటడమంటే ఇక వెనక్కి వెళ్ళబోమని ఒప్పుకోవడమే... ఆ సంగతి ఆమెకు మాత్రం తెలియదా?

వెనక అతని బూట్ల చప్పుడు.

గోతిలోకి చూశాడు.

"లోతు చాలదు. మా తాత మోకాలిదాకా తవ్వించేవాడు."

పార లాక్కున్నాడు. తవ్వాడు. మొక్కను నిలబెట్టాడు. పచ్చి మట్టి వాసన — ఈసారి తమ పెరట్లోంచి.

"వసంతంలో మనం వెళ్ళిపోయాక దీనికి నీళ్ళెవరు పోస్తారే?"

"వెళ్దువుగాని. ముందు తిన్నగా పట్టుకో, వంకరపోతోంది!"

పట్టుకున్నాడు. ఆమె మట్టి పోసింది, తొక్కింది, నీళ్ళు పోసింది.

"ఇక వదులు," అంది.

అతను వదల్లేదు...