మేస్త్రి చెవుల్లో దూది

పొద్దున ఎనిమిదింటికి మెకానిక్ షెడ్డు షట్టరు ఎత్తగానే మేస్త్రి చేసే మొదటి పని దూది తుంచుకోవడం. కట్టలోంచి కాస్త తీసి, రెండు ఉండలు చేసి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాతే స్పానర్లు, ఆ తర్వాతే టీ.

వేడి మీదున్న ఇంజన్ లోంచి పాత ఆయిల్ వదిలితే అది మాట్లాడుతుందని బండి ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. కొన్ని నెలలుగా ఆ బండిలో ఎవరేం మాట్లాడుకున్నారో, ఎవరి గొంతుతో వాళ్ళవే, ధారతోపాటు ట్రేలోకి దిగుతాయి. మొదట పాతవి, చివర్లో కొత్తవి. చల్లారిందంటే ఇక మాటా పలుకూ ఉండదు, ఉత్త నల్లటి మడ్డి. అందుకని ప్రతి షెడ్డులోనూ ఒక పద్ధతి ఉంది. బోల్టు విప్పేముందు రేడియో కట్టేస్తారు. అందరూ బయటికి పోతారు. బండి సొంతదారు ఒక్కడే స్టూలు మీద కూర్చుని వింటాడు. బండి కింద గోతిలోకి దిగి బోల్టు విప్పే మేస్త్రి మాత్రం చెవుల్లో దూది పెట్టుకుంటాడు.

పెట్టుకున్నట్టే పెట్టుకుని సగం వినే మేస్త్రులూ ఉన్నారంటారు. ఈయన్ని మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు. ఒకసారి ఓ లారీల ఓనరు, తన డ్రైవర్లు తనని తిట్టిన తిట్లన్నీ పావుగంటసేపు విని, మొహం కందగడ్డ చేసుకుని, "నువ్వేమైనా విన్నావా?" అని గోతిలోకి వంగి అరిచాడు. మేస్త్రి తాపీగా ఒక చెవిలో దూది తీసి, "ఏంటి సార్?" అన్నాడు. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పాకి ఊళ్ళో సగం బండ్లు ఈ షెడ్డుకే రావడం మొదలుపెట్టాయి.

అల్లుడి కారు వచ్చిన రోజున మాత్రం దూది జేబులోనే ఉండిపోయేది.

కూతురితో మాటల్లేక ఆరేళ్ళయింది. పిల్ల దూరంగా హాస్టల్లో చదువుతుండగా భార్య జబ్బు పడి, "దాని పరీక్షలు అయ్యేదాకా చెప్పకండి" అంది. ఆయన చెప్పలేదు. పరీక్షలు అవకముందే ఆవిడ పోయింది. పిల్లకి కడసారి చూపు కూడా దక్కలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగితే, "మీ అమ్మ వద్దంది" అన్నాడు. తప్పయిపోయిందమ్మా అనాలని ఆ క్షణాన తోచలేదు. తోచేసరికి పిల్ల బస్సెక్కేసింది. తర్వాత ఆమె పెళ్ళికి వెళ్ళి, చివరి వరసలో కూర్చుని, అక్షరం మాట్లాడకుండా తిరిగొచ్చాడు. కూతురు కొండ అవతల కాపురం పెట్టింది. పెద్దవాణ్ణి, ముందు నేనెలా చేస్తాను ఫోను, అనుకున్నాడు. అలా అనుకుంటూనే ఏళ్ళు గడిపాడు.

అల్లుడు మాట తక్కువ మనిషి, మంచివాడు. కొత్తగా టర్బో కారు కొన్నప్పుడు, "మీ చేతి పని అయితేనే నాకు నమ్మకం మావయ్యా" అంటూ కొండ దిగి ఇక్కడికే తెచ్చాడు. ఆ బండికి ఐదు డబ్ల్యూ ముప్పై అనే పల్చటి ఆయిల్, ఫుల్ సింథటిక్ తప్ప ఇంకేదీ వాడకూడదని కంపెనీ పుస్తకంలో ఉంది. మేస్త్రికి పుస్తకం చూడాల్సిన పని కూడా లేదు. ఇంజన్‌కి గాలి ఎక్కించి లాగే బలమిచ్చే టర్బోలో చక్రం నిమిషానికి లక్షసార్లు పైనే తిరుగుతుంది. దాని ఇరుసు నిలబడేది పల్చటి ఆయిల్ పొర మీద. ఆయిల్ అక్కడికి చటుక్కున చేరాలి, ఆ వేడికి మాడకూడదు. మొదటిసారి ఆయన పోసింది సరైన ఆయిలే.

కానీ పల్చటి ఆయిల్‌లో మాటలు నిలవవు. రెండోసారి కారు వచ్చినప్పుడు దూది పెట్టుకోకుండా గోతిలోకి దిగాడు. పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు గుసగుస తప్ప ఏమీ వినబడలేదు. అందులో కూతురి గొంతు ఏదో పోల్చుకోలేకపోయాడు. ఆ రోజే మొదటిసారి, లారీలకి పోసే ఇరవై డబ్ల్యూ యాభై డబ్బా తీసి ఆ కారులో పోశాడు. త్వరత్వరగా మార్చేస్తే ఏమీ కాదులే అని తనకి తనే చెప్పుకున్నాడు.

ఆ చిక్కటి ఆయిల్‌లో పొల్లు పోకుండా అన్నీ వినబడేవి. మలుపుల్లో మొగుడి డ్రైవింగు మీద కూతురి విసుర్లు. కూరగాయల సంచి మర్చిపోయి వచ్చినందుకు రాద్ధాంతం. ఒంటరిగా ఉన్నప్పుడు తీసే కూనిరాగం, అచ్చం తల్లి తీసినట్టే. అల్లుడు స్టూలు మీద కూర్చోకుండా, "నాకు తెలియని మాటలేమున్నాయి మావయ్యా" అంటూ బయట టీ తాగుతుంటే, గోతిలో మేస్త్రి మొహం పైకెత్తి వినేవాడు. తను తాత కాబోతున్నాడని ఆయనకి చెప్పింది ఆయిలే. అప్పట్నుంచి ప్రతిసారీ పుట్టబోయే బిడ్డకి వాళ్ళిద్దరూ వెతుక్కునే పేర్లు వినేవాడు. అల్లుణ్ణి మాత్రం అమ్మాయి ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకి పడలేదు మరి.

ఈసారి కారు వెనక నీలం పొగ కక్కుతూ, ఈడ్చుకుంటూ వచ్చింది.

"లాగట్లేదు మావయ్యా. కొన్నాళ్ళుగా ఇంతే" అన్నాడు అల్లుడు. గడ్డం పెరిగి ఉంది. "మీరు ఆయిల్ వదలండి. నేను అక్కడ రోడ్డు మీద ఉంటా" అని దూరంగా వెళ్ళిపోయాడు.

మేస్త్రి గోతిలోకి దిగి బోల్టు విప్పాడు. మొదట పేర్లు దిగాయి. ఆడపిల్లయితే ఇది, మగపిల్లాడయితే అది. తర్వాత ఆమె గొంతు మారిపోయి ఉంది.

"ఆస్పత్రి ఇంకెంత దూరం?"

"కొండ ఎక్కితే వచ్చేసినట్టే. పడుకో, లేవకు."

"ఎక్కట్లేదు కదా. ఎందుకెక్కట్లేదు?"

"పూర్తిగా తొక్కే ఉంచాను. లాగట్లేదు."

"అంబులెన్సుకి మళ్ళీ చెయ్యి."

"అదీ ఊళ్ళోంచే కొండ దాటి రావాలి. ఇంకో గంట అంటున్నారు."

"రక్తం ఆగట్లేదు. అయ్యో, ఏదో ఒకటి చెయ్యి."

ఆ తర్వాత చాలాసేపు ఇంజన్ రొద, ఆమె ఏడుపు. కొండ ఎక్కడానికి యాభై నిమిషాలు పట్టిందని అల్లుడి గొంతు ఎవరికో ఫోనులో చెప్పింది. ధార సన్నబడి చుక్కలయ్యాక తిరుగు ప్రయాణం మాటలు వచ్చాయి.

"అరగంట ముందొస్తే బిడ్డ బతికేదన్నారు డాక్టరు."

"అది తలుచుకోకు."

మళ్ళీ అల్లుడి గొంతే, "మీ నాన్నకి చెప్పనా?"

"అడిగితే చెప్పు. అడక్కపోతే వద్దు."

మేస్త్రి గోతిలో నుంచి పైకొచ్చి, చేతులు తుడుచుకోకుండానే రోడ్డు మీదికి నడిచాడు.

"అమ్మాయి ఎలా ఉంది?" అన్నాడు.

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. ఏళ్ళుగా ఈ మాట కోసమే ఎదురు చూస్తున్నవాడిలా గబగబా చెప్పేశాడు. ఏడో నెల, ఆడపిల్ల, ఇరవై రోజులయింది. "బండి మొరాయించింది మావయ్యా. మీరు చూసే బండే, మీరేం లోటు చేశారు? మా రాత" అన్నాడు.

అప్పుడే చెప్పేయాలి. మేస్త్రి వెనక్కి తిరిగి, స్పానర్లు తీసుకుని బండి కిందికి దిగాడు.

టర్బో విప్పడానికి ఒక రోజు పట్టింది. ఆయిల్ వెళ్ళే సన్న గొట్టం లోపల, గిన్నె అడుగున మాడిన పాలలా, ఆయిల్ నల్లగా గడ్డకట్టి ఉంది. ఇరుసు అరిగి వదులైపోయింది. కొత్త టర్బో తెప్పించి, గొట్టాలు మార్చి, ఇంజనంతా కడిగేసరికి మూడో రోజు మధ్యాహ్నం అయింది. ఇక ఆయిల్ పోయడమే తరువాయి.

అరలో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంత తెలిశాక కూడా అలవాటు చొప్పున చెయ్యి ఇరవై డబ్ల్యూ యాభై మీదికే వెళ్ళింది. వెళ్ళినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇది పొయ్యకపోతే పిల్ల గొంతు ఇక ఈ జన్మలో వినను అనుకున్నాడు. ఐదు డబ్ల్యూ ముప్పై డబ్బా తీసి, మూత తిప్పి, గరాటు పెట్టి పోశాడు. తేనె రంగులో, నీళ్ళలా, ఇట్టే దిగిపోయింది. ఆయన ఏడుస్తూనే డిప్‌స్టిక్ తుడిచి, మట్టం రెండుసార్లు చూశాడు.

సాయంత్రం అల్లుడు వచ్చి తాళాలు అడిగితే, "నేనూ వస్తాను" అన్నాడు. అల్లుడు ఆయన కోసం ముందు తలుపు తీశాడు.

కారు కొండని అవలీలగా ఎక్కింది. మలుపుల్లో కూడా ఎక్కడా తడబడలేదు. కింద మైలురాయి దగ్గర వాచీ చూసుకున్న మేస్త్రి, పైన మళ్ళీ చూసుకున్నాడు. పద్నాలుగు నిమిషాలు.

కూతురు తలుపు తీసి, గడప లోపలే నిలబడిపోయింది. చాలా చిక్కిపోయింది. మేస్త్రి మెట్ల కిందే ఆగి, జేబులోంచి దూది ఉండలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీ బండిలో తప్పుడు ఆయిల్ పోసింది నేనేనమ్మా. తెలిసే పోశాను. దాంట్లో అయితే మాటలు నిలుస్తాయని. నీ బండి వచ్చినప్పుడు ఒక్కసారి కూడా ఇవి చెవుల్లో పెట్టుకోలేదు. నీ గొంతు వినాలని. కొండ ఎక్కకపోవడానికి కారణం అదే. బిడ్డ పోయింది నా వల్లే. తప్పయిపోయిందమ్మా."

అల్లుడు కారు తలుపుకి ఆనుకుని నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. లోపల ఎక్కడో కొళాయి కారుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె ఆయన వంక, ఆయన చేతిలోని దూది వంక చూసింది. అరుస్తుందనుకున్నాడు. తలుపేస్తుందనుకున్నాడు. ఆమె గొంతు, ఆయిల్‌లో ఎన్నడూ వినబడనంత నీరసంగా, నెమ్మదిగా వచ్చింది.

"ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది కదా నాన్నా."