తంపరలో మొలచిన యవలు

శిశిరాంతమున వానకాలపు నీరెల్ల నింకి కువలయదళములు వాడి పంకతలము నెఱ్ఱెలువాఱ క్రౌంచపంక్తులు దిగంతములకుఁ దరలిపోవుచున్న వేళ వంశధారాతీరమున నేటేట నాఱుమాసములు నీట మునిఁగి తేలు తంపరభూమి మోకాటియెత్తు పచ్చికతో నపరాహ్ణాతపమునఁ గాంచనకంబళమువలెఁ దళతళలాడుచుండెను.

ఆ తంపరయొడ్డున వసించు పెద్దిభట్టు నలువదియేండ్లుగా నోషధిపరీక్షయందు సాటిలేని వైద్యుఁడని వాసికెక్కినవాఁడు. ఐనను రెండేండ్లుగాఁ గన్నులఁ బొరలు గ్రమ్మి యాకునకు నాకునకు భేదము గానరాకున్నను ఆ సంగతి నెవ్వరికిని జెప్పక యలవాటుమీఁద వైద్యము నడపుచుండెను. నాఁడు బెస్త నూకన్న వేళ్లతోఁ బెఱికిన గడ్డిమోపొకటి తెచ్చి యతనిముందు దించెను. మూఁడువారముల జ్వరము విడిచినను నూకన్నభార్య యేకమ్మకు బియ్యపుగంజి సైతము కడుపున నిలువకుండెను. యవలగంజి పట్టుమని వైద్యుఁడు చెప్పెను గాని యే సంతలోను యవలు దొరకలేదు.

"ఎన్నుకి మీసాలుంతాయన్నారు గదా అయ్యగోరూ! తంపరలో ఇది దొరికింది. ఇదేనేటి? కాకపోతే మా యేకి నాకు దక్కదు బాబూ."

పెద్దిభట్టు వెన్ను నందుకొనెను. కన్నులయెదుటఁ బసుపుపచ్చని మసక తప్ప నేమియుఁ దోఁపలేదు. ఔనన్నచో నది విషతృణమై చంపునేమో. కాదన్నచోఁ దనకీర్తి నిలుచును గాని యా యిల్లా లాఁకటఁ గ్రుంగును. తుద కతఁడు "నూకన్నా! నా చూపు పోయినది. చూచి చెప్పఁజాలను" అనెను.

నూకన్న "కళ్లు పోతే సేతులు నేవేటి బాబూ? ఎన్ని సెట్లు ముట్టుకున్న సేతులవి!" అనెను.

అంతట నా వృద్ధుఁడు కనులు మూసికొని మొక్కను మొదలంట వ్రేళ్లతోఁ దడవి చూచెను. వేరు కుచ్చువలె నుండెనే కాని నేలలోఁ బ్రాఁకు కాండ మెందును లేదు, కావున నది యొక్కయేఁడు బ్రదికి గింజ రాల్చి యెండు జాతి. గరుకుమీసముల నడుమఁ గణుపుకణుపునకు మూఁడేసి గింజలగూళ్లు, వానిలో నిరుప్రక్కలవి తాలు, నడిమి దొక్కటియే గట్టిది. తాఁకినంతనే వెన్ను తునిఁగి రాలిపోయెను.

"యవయే! దున్నక మొలచిన యవ! నల్లనిగింజ యున్నచో నది రోగముపట్టినది, ఒక్కటియు నుండరాదు. నీ కన్నులతో నేఱుము" అనుచు వైద్యుఁడు పసివానివలె నవ్వెను.

మఱునాఁడు ప్రాతఃకాలమునఁ దాను ముందుగా నా గంజి త్రాగి సాయంకాలముదాఁక వేచి యే వికారమును లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే యేకమ్మకుఁ బట్టించెను. గడియ గడచెను, రెండుగడియలు గడచెను, గంజి నిలిచెను.

"ఇంకా ఉందేటి?" అని యామె హీనస్వరమున నడిగెను.

నూకన్న మొగము త్రిప్పుకొని కండువతోఁ గన్ను లొత్తుకొనెను. పెద్దిభట్టు దీర్ఘముగా నిట్టూర్చి లేచి "నూకన్నా, నా యింటిదాఁకఁ జేయిపట్టి నడిపింపుము" అని రెండేండ్లలో మొదటిసారి యొరుని సాయ మడిగి యా సంజకెంజాయలోఁ దడఁబాటు లేక నడచిపోయెను.