తెర అంచులో ఎర్ర వెలుగు

ఆ పొద్దున ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. రెండేళ్లు ఇంకొకరి నిచ్చెన మోసిన మనిషి, ఇవాళ మొదటిసారి ఒంటరిగా ఒక ఇంటికి ఫైబర్ నెట్ పెట్టబోతోంది. చొక్కా జేబు మీద మాత్రం 'హెల్పర్' అన్న గుడ్డముక్క ఇంకా కుట్టే ఉంది. "పన్నెండు లోపల రౌటర్ మీద పచ్చదీపం వెలిగించు, ఆ ముక్క పీకేసుకో. లేదంటే మళ్లీ నా నిచ్చెనే నీకు గతి," అన్నాడు సూపర్‌వైజర్.

ఆ ఇంటాయన ముసలి దర్జీ. ముందుగదిలోనే కుట్టుమిషను, నేల నిండా కత్తిరింపులు. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల కాబట్టి, గుమ్మం దాటకముందే పన్నెండు గంటల సంగతంతా ఆయనకు చెప్పేసింది. కిటికీలోంచి తీగ లోపలికి లాగి, కొస బిగించి, రౌటర్‌కు తగిలించింది. మిగిలిన నాలుగు మూరల తీగను వదులుగా చుట్టి కిటికీ తెర పక్కన వేలాడదీసింది. వీధి స్తంభం మీది పెట్టెలో రెండో కొస కలపడానికి ఈల వేసుకుంటూ నిచ్చెనెక్కింది.

దిగి వచ్చి చూస్తే రౌటర్ మీద ఎర్రదీపం. టైము పదకొండూ నలభై. స్తంభం దగ్గర తీగలో వచ్చే వెలుతురు బాగానే ఉందని మీటరు చూసుకునే దిగింది. మరి ఇంట్లోకి వచ్చేసరికి ఏమైనట్టు?

"తాతగారూ, తీగని ఏమైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేంటమ్మా, ఒద్దికగా సర్దేశాను," అన్నాడాయన మెచ్చుకోలు కోసం చూస్తూ. "పోగు వేలాడుతుంటే నా ప్రాణం ఒప్పదు."

ఆమె లేజర్ లైటు తీసి రౌటర్ వైపు కొసకు తగిలించింది. ఎక్కడ తీగ దెబ్బతింటే అక్కడ ఎర్రగా వెలుగుతుంది. తెల్లటి తెర అంచులో వరసగా నాలుగు చోట్ల వెలిగింది. మహానుభావుడు తీగను మడతల మీద మడతలు వేసి, గట్టిగా నొక్కి, తెర అంచులో పెట్టి కుట్టేశాడు. కుట్టు మాత్రం ముచ్చటగా ఉంది.

ఏడవాల్సిన చోట ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. "తాతగారూ, ఇందులో ఉన్నది గాజు. మడత పెడితే వెలుతురు దాటదు."

"అంటే నేను గాజుని కుట్టానా?" అన్నాడాయన గర్వంగా.

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఆయన కుట్లు విప్పే కొక్కెంతో అంచంతా విప్పాడు. మూడు మడతలు బతికాయి. నాలుగో దాంట్లో గాజు విరిగింది. అక్కడికి కత్తిరించి కొత్త కొస బిగించాలి. వెంట్రుకంత పోగు, చీమ కన్నంత రంధ్రం, పైగా ఆగని నవ్వు. రెండుసార్లు తప్పింది.

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి తియ్యకూడదమ్మా," అన్నాడు దర్జీ.

ఆమె ఊపిరి బిగబట్టింది. తోడుగా ఆయనా బిగబట్టాడు. పోగు లోపలికి దిగింది.

పదకొండూ యాభై ఎనిమిదికి పచ్చదీపం వెలిగింది, ఫోనూ మోగింది.

"వెలిగిందా?"

"వెలిగింది సార్."

"గొంతేంటి అలా ఉంది, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"రెండూ సార్," అని ఫోను పెట్టేసింది. ఆ క్షణాన లోకంలో తనంత సంతోషంగా ఎవరూ లేరనిపించింది. జేబు మీది ముక్కను గోళ్లతో పీకబోయింది.

"చొక్కా చింపుతావా ఏంటి, ఆగు," అంటూ దర్జీ అదే కొక్కెం తెచ్చి, ఒక్కో కుట్టూ నిదానంగా విప్పాడు. చివరి కుట్టు తెగేదాకా ఆమె ఊపిరి తియ్యలేదు. ముక్క రాలి నేల మీది కత్తిరింపుల్లో కలిసిపోయింది.