పక్కనుంచి పేలిన కొండ

పామర్‌స్టన్ నార్త్ నగర తెలుగు సంఘం అధ్యక్షుడు శ్రీనివాసులుగారికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. భూమి లోపల మాత్రం ఉంటుందేమోనని నిరుపమకి అనుమానం. ఆమె పనిచేసేది అగ్నిపర్వతాల పరిశోధనలో.

సంఘం పిక్నిక్‌కి ఆమె కూడా వచ్చింది. ఓ అగ్నిపర్వతం కొండకి చాలా దూరంగా, రోడ్డు పక్క కార్ పార్కులో పులిహోర డబ్బాలు తెరిచారు. శ్రీనివాసులుగారు కొండకి వీపు పెట్టి ఫోన్లో లైవ్ మొదలెట్టారు.

"ఫ్రెండ్స్, అగ్నిపర్వతమంటే పాలగిన్నె. పొంగితే పైనుంచే పొంగుతుంది. శిఖరం చల్లగా ఉంది, భయం లేదు!"

నిరుపమ చూపు శిఖరం మీద లేదు. కొండ నడుం దగ్గర ఎప్పుడూ సన్నగా వచ్చే ఆవిరి ఇవాళ లావుగా, బూడిదరంగులో లేస్తోంది.

"అంకుల్, పైదారి మూసుకుపోతే లోపలి ఒత్తిడి పక్కన బలహీనంగా ఉన్నచోట చీల్చుకొస్తుంది. నాకా ఆవిరి తేడాగా కనిపిస్తోంది. బయల్దేరదాం."

"నువ్వు పుస్తకాలు చదివావమ్మా. నేను యూట్యూబంతా చూశాను."

ఆమె ఆఫీసుకి ఫోన్ చేసి, ఆయన భార్య లక్ష్మిగారి దగ్గరికెళ్లింది. "ఆంటీ, అందర్నీ కార్లెక్కించండి."

ఆవిడ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. భర్త మాట వినకుండా బతికి బట్టకట్టడం ఆవిడకి అలవాటే.

అందరూ ఎక్కుతుండగా కొండ పక్కభాగం పేలింది. నల్లటి పొగ, అందులోంచి ఎగిరిపడే రాళ్లు. ఎవరిదో టైరు పేలిందనుకుని శ్రీనివాసులుగారు మాట్లాడుతూనే ఉన్నారు. లక్ష్మిగారు చొక్కా పట్టుకుని లాక్కెళ్లి కార్లో పడేశారు. లైవ్‌లో పేలుడంతా ఆయన తల వెనకాలే జరిగిపోయింది.

కొండ సద్దుమణిగాక నిరుపమ హెలికాప్టర్లో వెళ్లి చూసింది. గడ్డీ రాళ్లూ తప్ప ఏమీలేని వాలులో కొత్త బిలం! అంచులు ఇంకా కూలుతున్నాయి. పక్కనున్న చిన్న గుంతని కలుపుకుని పెద్దదవుతోంది. బిలం పుట్టుక కళ్లారా చూడటం ఆమెకిదే మొదటిసారి. సంతోషంగా ఫోటో మీద ఫోటో తీసుకుంది.

ఆ ఆదివారం సంఘం సభలో శాలువా శ్రీనివాసులుగారికి కప్పారు, 'ప్రత్యక్ష సాక్షి' అన్న బిరుదుతో సహా.

"పక్కనుంచి వస్తుందని నేను ముందే పసిగట్టాను," అన్నారాయన. చప్పట్లు మోగాయి.

భోజనాల ముందు మిగిలిన కాస్త టైమూ నిరుపమకిచ్చారు. తెరమీద ఫోటో వేసి, ఆ బిలం ఎలా పుట్టిందో మురిపెంగా చెప్పింది. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

కోశాధికారి సుబ్బారావు చెయ్యెత్తాడు. "అక్కడ పార్కింగ్ ఉంటుందా మేడం?"

అందరూ ప్లేట్ల వైపు కదిలారు. లక్ష్మిగారు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఆ బిలం అంచు ఎందుకు కూలుతోందన్నావమ్మా? మళ్లీ చెప్పు."

నిరుపమ మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.